నల్లరేగడి సీమ తెలుగువారు - ఒక బృహత్ సాఫ్ట్‌వేర్ ప్రయత్న చరిత్ర

కోవిల్పట్టి, విరుదునగరము, రాజపాళయము, ఎట్టయాపురము - ఈ ఊళ్ళ నడుమ పఱచుకొనియున్న నల్లరేగడి సీమ తెలుగువారిని గుఱించి వ్రాసినవారు చాలమంది వలసల కథతో మొదలుపెట్టి పాళెగాండ్ర కథతో ముగించుట పరిపాటియైనది. విశ్వనాథనాయకుని మధుర రాజ్యము, డెబ్బదిరెండు పాళెములు, పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన, 1799 అక్టోబరు 16వ తేదీన కయత్తారునొద్ద ఆతని యురి - ఇంతటితో మన చరిత్ర యాగిపోయినట్లు తోచును. వలసల కథను ఇడైశేవల్ గ్రామమునకు చెందిన కి. రాజనారాయణన్ తమిళములో 'గోపల్ల గ్రామము' అను నవలగా వ్రాసి శాశ్వతము చేసెను. దాని తరువాయికి 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఇంట తెలుగు, బయట తమిళము మాటలాడిన ఆ మహారచయిత 2021 మే నెలలో గతించెను. కాని కట్టబొమ్మన తరువాతి రెండువందల యేండ్లలో ఈ సీమ తెలుగువారు పత్తి పండించిరి, నూలు వడకిరి, సిమెంటు చేసిరి, తుదకు పెద్దపెద్ద కంప్యూటరు ప్రోగ్రాములను సైతము నిర్మించిరి. ఈ కడపటి పనిని గుఱించి మన సంచికలలో వ్రాసినవారు అరుదు. వ్యాపారపు తీరును, యంత్రముల తీరును వేగముగా మాఱుచుండగా బహుజనసాధ్యమైన సాఫ్ట్‌వేర్ నిర్మాణమును నడపుట యెట్లు అను ప్రశ్నకు మన సీమవారు చెప్పిన సమాధానమేమో ఈ వ్యాసమున పరిశీలింపదలచితిని.

ముందుగా నేలను గుఱించి రెండు మాటలు. 1876లో మధురనుండి తూత్తుకుడికి రైలుమార్గము పడినది. అది విరుదుపట్టి మీదుగను, కోవిల్పట్టి మీదుగను పోవును. రైలుతో పత్తి రేవునకు పోసాగెను. విరుదుపట్టి మిరప, ధనియాలు, పప్పుధాన్యములకు పెద్ద అంగడియై 1923లో విరుదునగరమని పేరు మార్చుకొనెను. ఈ అంగడి వ్యాపారమున నాడారు వర్తకులు ముందు నడచిరి. ఆ కీర్తి వారిదే. కోవిల్పట్టిలో 1901లో వ్యవసాయ పరిశోధన కేంద్రము వెలసినది. వానను మాత్రమే నమ్ముకొన్న నల్లరేగడిలో దేశవాళి కరుంగన్ని పత్తిని మేలుచేయుట అక్కడి ప్రధానమైన పని. ఒక వంగడము స్థిరపడుటకు పెక్కు పంటకాలములు పట్టును. ఈలోగా మిల్లులవారు కోరు పోగు పొడవు మాఱిపోవచ్చును. పని మొదలుపెట్టిననాటి అవసరము వేఱు, ముగించుననాటి అవసరము వేఱు. ఈ చిక్కు పత్తికి మాత్రమే పరిమితమైనది కాదని ముందు తెలియగలదు.

రాజపాళయము 1985లో ఏర్పడిన విరుదునగరము జిల్లాలోనిది. అక్కడి రాజులు తెలుగు క్షత్రియులు. విజయనగర, నాయకరాజుల కాలమున ఆంధ్రదేశమునుండి తరలివచ్చినవారు. 1949 నుండి 1952 వఱకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియై, పిమ్మట ఒరిస్సా గవర్నరైన పి. ఎస్. కుమారస్వామి రాజా ఈ యూరివాడే. ఆయన సమకాలికుడైన పి. ఏ. సి. రామస్వామి రాజా (1894-1962) 1936లో రాజపాళయము మిల్లును స్థాపించెను. 1957లో మద్రాసు సిమెంట్సు సంస్థను నెలకొల్పెను. విరుదునగరమునకు దాపున తులుక్కపట్టికడ దాని మొదటి కర్మాగారము 1960ల తొలినాళ్ళలో పని మొదలిడినది. ఆ చోటికి నేడు రామస్వామిరాజానగరమని పేరు. 1962లో తండ్రి గతింపగా కుమారుడు పి. ఆర్. రామసుబ్రహ్మణ్య రాజా ఆ భారమును వహించెను. ఆయన కుమారుడు పి. ఆర్. వేంకట్రామ రాజా. సాఫ్ట్‌వేర్ కథ ఈ మూడవ తరముతో మొదలగును.

అయితే ఈ సీమలో తెలుగువారి మొదటి బృహత్ నిర్మాణము మిల్లు కాదనియు, పుస్తకమనియు నా యభిప్రాయము. 1904లో ఎట్టయాపుర సంస్థానపు విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చుపడిన సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' యే యది. తెలుగు లిపిలో వెలువడిన ఆ గ్రంథమున కృతులు, గమకములతోకూడిన స్వరలిపి, వాగ్గేయకారుల చరిత్రలు అన్నియు కలవు. పని పూనుకొనుటకు ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారు ప్రోద్బలము చేసెను. సంస్థానాధీశులు వ్యయము భరించిరి. గమకములకు వాడుక గుర్తులు లేకపోగా ముందు గుర్తులు కల్పింపవలసివచ్చెను, పిదప వానికి అచ్చుపోతలు, ఆపైని కూర్పు. గుర్తును నిర్ణయింపక అచ్చు కూర్చుటకు వీలులేదు. అచ్చులో చూడనిదే గుర్తు సరిపోయినదో లేదో తెలియదు. ఇట్టి చోట పని ముందునకొకసారి, వెనుకకొకసారి నడవక తప్పదు. సాఫ్ట్‌వేర్ వ్యాసమున ఈ గ్రంథ ప్రస్తావన యేలయని కొందఱు నవ్వవచ్చును. కాని పాడువాని కంఠమునందున్నదానిని కంఠమునుండి వేఱుచేసి, ఏ తరమువారైనను చదువుకొనగల గుర్తులలోనికి దింపుట యనునది చిన్న సంగతి కాదు. ఆ సంగతియే మఱియొక రూపమున ముందు వచ్చును.

ఇక ప్రకృతమునకు వత్తము. సిమెంటు మన దేశమున చిరకాలము ప్రభుత్వ నియంత్రణములో నుండెను. ధర ప్రభుత్వము నిర్ణయించును. సరకు ఎవరికి పోవలెనో యదియు చాలవఱకు ప్రభుత్వమే చెప్పును. 1982 ఫిబ్రవరిలో నియంత్రణము కొంత సడలెను. 1989 మార్చిలో పూర్తిగ తొలగెను. 1991లో దేశ ఆర్థిక విధానమే మాఱెను. ఇంతవఱకు కర్మాగారాధిపతి ఎఱుగవలసినది ఉత్పత్తి యెంతయన్నదొక్కటే. ఇకమీదట ఏ ఊరి వర్తకునికి ఎంత అప్పున్నది, ఏ గిడ్డంగిలో ఎన్ని బస్తాలున్నవి, ఏ దారిని పంపిన కిరాయి తగ్గును అనువానిని ఆనాటికానాడే తెలిసికొనవలసివచ్చెను. పాత లెక్కల పుస్తకములు నెలాఖరునకు సరిగానే కలియుచుండెను. కాని నెలాఖరు వఱకు ఆగునట్టి అంగడి పోయినది.

ఒక్క బస్తా సిమెంటు ద్వారము దాటుటలో ఎన్ని లెక్కలు ముడిపడియున్నవో చూడుడు. వర్తకుని కోరిక నమోదు కావలెను, అతని అప్పు హద్దు దాటలేదని చూడవలెను, లారీని ఖాళీగనొకసారి, నిండుగనొకసారి కాటావేయవలెను, ఆ రోజులలో ఎక్సైజు సుంకపు పత్రము వ్రాయవలెను, బిల్లు కావలెను, గిడ్డంగి నిలువ తగ్గవలెను, వర్తకుని ఖాతాలో పద్దు పడవలెను, లారీవాని కిరాయి లెక్కకు రావలెను. ఒక్కొక్క విభాగము తన లెక్కకు తానొక ప్రోగ్రాము వ్రాయించుకొన్నచో అంకెలు ఒకదానితోనొకటి కలియవు. అన్నిటికిని ఒకే పద్దు ఆధారముగా నుండునట్లు చేయునదే ఇ.ఆర్.పి. యని వ్యవహరింపబడు సాఫ్ట్‌వేర్. చెప్పుట సులభము. చేయబోయిన ప్రతివాడును తెలిసికొన్నదేమనగా - ఒక మూల మార్పు చేసిన నాలుగు మూలల కదలిక పుట్టును.

ఈ కష్టము మనకు చేరకముందే అమెరికావారు అనుభవించియున్నారు. 1964లో ఐ.బి.యం. వారు సిస్టమ్ 360 అను కంప్యూటరు శ్రేణిని ప్రకటించిరి. దానిని నడపు ప్రధాన సాఫ్ట్‌వేర్ పేరు ఓఎస్ 360. దానిపై సుమారు 5000 మనుష్య సంవత్సరముల శ్రమ వ్యయమైనదని ఆ పనికి నాయకుడైన ఫ్రెడరిక్ బ్రూక్స్ లెక్కవేసెను. అయినను పని ఆలస్యమాయెను, లోపములును మిక్కుటమాయెను. ఆ యనుభవమును ఆయన 1975లో ఒక చిన్న పుస్తకముగ వ్రాసెను. అందు ప్రసిద్ధమైన భావమేమనగా, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి క్రొత్త మనుష్యులను చేర్చినచో అది మఱింత ఆలస్యమగునని. వినుటకు వింతగానుండును, పత్తి యేరుటకు పదిమందికి మాఱు ఇరువదిమందిని దింపిన పని సగము కాలములో ముగియును గదా! అయితే పత్తి యేరువాడు ప్రక్కసాలులోనివానితో మాటలాడవలసిన పని లేదు. ప్రోగ్రాము వ్రాయువాడు తక్కినవారందఱితోను ఒప్పందమునకు రావలెను. ఐదుగురున్నచోట పది జంటలు, పదిమందియున్నచోట 45 జంటలు, ఏబదిమందియున్నచోట 1225 జంటలు ఏర్పడును. మనుష్యులు పదిరెట్లు పెరుగగా మాటలు నూఱు రెట్లకు మించును. క్రొత్తగ వచ్చినవానికి పాతవారు పని నేర్పవలసిన కాలము వేఱు. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణమున నాటో వారి ఆధ్వర్యమున నిపుణులు కూడి ఈ సంకటమును చర్చించిరి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అను మాట ఆ సభతోనే వాడుకలో నిలిచినది.

తరువాత జరిగినది చరిత్రకారునికి చాల రుచించు సంగతి. 1970లో విన్‌స్టన్ రాయిస్ అను నిపుణుడు పెద్ద సాఫ్ట్‌వేర్ నిర్మాణ నిర్వహణమును గుఱించి ఒక వ్యాసము చదివెను. అందు కోరికల సేకరణము, విశ్లేషణము, రూపకల్పన, ప్రోగ్రాము రచన, పరీక్ష, వినియోగము అను మెట్లు ఒకదాని క్రిందనొకటి గీసిన చిత్రమున్నది. లోకము ఆ చిత్రమునే పట్టుకొనెను. జలపాతమున నీరు ఒక బండమీదినుండి మఱియొక బండమీదికి దూకునట్లు పని క్రిందికే పోవలెను, వెనుకకు రాగూడదు అని శాసనము చేసికొనెను. దానికి జలపాత పద్ధతియని పేరును పెట్టెను. వ్యాసము చదివినవారికి తెలియునదేమనగా, ఆ చిత్రము గీసిన మరుక్షణమే రాయిస్ అది ప్రమాదకరమని చెప్పియున్నాడు. పరీక్ష కట్టకడపట రావడముచేత తప్పు బయటపడునప్పటికి డబ్బును కాలమును ఖర్చయిపోవుననియు, క్రొత్తరకపు పనియైనచో ముందొక చిన్న నమూనా చేసి నేర్చుకొని పిదప అసలుది కట్టవలెననియు ఆయన భావము. జలపాతమను పేరుసైతము ఆయన పెట్టినది కాదు. అయినను అమెరికా రక్షణశాఖ 1985లో ఇంచుమించు ఆ మెట్ల క్రమమునే ప్రమాణముగా విధించి, 1994లో దానిని వేఱొక ప్రమాణముతో మార్చుకొనెను. ఒక గ్రంథకర్త వారించినదానినే ఆయన పేర లోకము ఆచరించుట మన పురాణ వ్యాఖ్యానములలో క్రొత్త కాదు. ఇంజనీరింగులోను జరుగునని ఈ యుదాహరణము తెలుపుచున్నది.

1992లో రామ్‌కో ఇండస్ట్రీస్ అను సంస్థలో పరిశోధన, అభివృద్ధి విభాగముగ ఒక సాఫ్ట్‌వేర్ శాఖ ప్రారంభమైనది. అదియే తరువాత రామ్‌కో సిస్టమ్స్‌గా 1997లో ప్రత్యేక సంస్థయైనది. వేంకట్రామ రాజా కెమికల్ ఇంజనీరింగు చదివి, అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయమున వ్యాపార నిర్వహణము నభ్యసించినవాడు. ఆ కాలమున మన దేశపు సాఫ్ట్‌వేర్ సంస్థలు చాలవఱకు పరదేశపు సంస్థలు చెప్పిన పనిని గంటల లెక్కన చేసిపెట్టుచుండెను. అందు నష్టభయము తక్కువ. సొంత సరకును తయారుచేసి, దానిపై తన పేరు వేసి, లోకమునకు అమ్మజూచుట వేఱు సాహసము. జర్మనీకి చెందిన శాప్ సంస్థ 1972లో స్థాపితమైనది. ఇరువదియేండ్ల యనుభవముతో 1992లోనే తన ఆర్ 3 అను సరకును విడుదల చేసెను. అట్టివారితో పోటీకి రాజపాళయపు మిల్లుదారులు దిగిరి. వీరి సరకు పేరు మార్షల్. పెద్ద కంప్యూటర్లు గాక మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సాధనములపై నడచునట్లు, క్లయింట్-సర్వర్ పద్ధతిలో దానిని నిర్మించిరి. అనగా పద్దులన్నియు ఒక కేంద్ర యంత్రములో నుండును; ప్రతి గుమాస్తా బల్లమీది చిన్న యంత్రములో పనిచేయు ప్రోగ్రాము ఆ పద్దులను అడిగి తెచ్చుకొనును.

ఈ ప్రయత్నమున వీరికున్న బలము తెలివితేటలు మాత్రమే కాదు. నూలు మిల్లులు, సిమెంటు కర్మాగారములు, రేకుల కర్మాగారములు సొంత సమూహములోనే యుండెను. బేళ్ళు కొనుట మొదలు నూలు అమ్ముట వఱకు పని యెట్లు జరుగునో చూడవలెనన్న పరాయివాని యనుమతి అక్కఱలేదు. రాయిస్ చెప్పిన చిన్న నమూనాకు కావలసిన ప్రయోగశాల పెరటిలోనే యున్నదన్నమాట. కాని ఇదియే బలహీనతయు కావచ్చును. సొంత యింటి అలవాట్లు లోకమంతటి అలవాట్లని భ్రమ కలుగును. కోవిల్పట్టి బేళ్ళ వర్తకుడు తరుగును లెక్కించు తీరు, యూరపులోని ఉపకరణముల కర్మాగారపు లెక్క తీరు ఒకటి కావు. పదిదేశములలో అమ్ముడుపోవలసిన సరకులో ఏది అందఱికిని సామాన్యము, ఏది ఒక్కనికే ప్రత్యేకము అని విడదీయుటయే మిక్కిలి కష్టమైన మేధాశ్రమ. ప్రోగ్రాము వ్రాయుట దానికి తరువాతిది.

మార్షల్ నిలదొక్కుకొనుచున్న దినములలోనే నేల కదలెను. 2000 సంవత్సరము వచ్చునప్పుడు తేదీలను రెండంకెలతో వ్రాసిన పాత ప్రోగ్రాములు తప్పుదారిపట్టునను భయము లోకమంతట వ్యాపించి, ఆ రెండు మూడేండ్లు సంస్థల డబ్బును దృష్టియు అటే పోయెను. అంతలో ఇంటర్నెట్ వచ్చెను. ఇకమీదట బల్లమీది యంత్రములో ప్రత్యేక ప్రోగ్రాము పెట్టనక్కఱలేదు, బ్రౌజరు చాలునని కొనువారు కోరసాగిరి. నిన్నటి నిర్మాణపద్ధతి నేటికి పాతబడెను. మిల్లులో కదురులు మార్చినను నూలు నూలే. సాఫ్ట్‌వేర్‌లో యంత్రపు తీరు మాఱినచో సరకంతయు తిరిగి వ్రాయవలసివచ్చును. కొన్ని యేండ్లకొకసారి ఇట్లు తిరిగి వ్రాయుచు పోవుట ఏ సంస్థకైనను ప్రాణాంతకమే.

దీనికి రామ్‌కోవారు కనుగొన్న యుపాయము వర్చువల్‌వర్క్స్ అను సాధనము. దాని మూలసూత్రమును నేను గ్రహించినంతవఱకు సామాన్యభాషలో చెప్పుదును. వ్యాపారపు నడక యొకటి, దానిని నడపించు యంత్రపు పరిభాష యొకటి. కోరిక నమోదగుట, అప్పు హద్దు చూచుట, బిల్లు వేయుట - ఈ క్రమమును పద్ధతిగా వర్ణించి ఒక నమూనారూపమున దాచుకొనవలెను. యంత్రములో నడచు ప్రోగ్రామును చేతితో వ్రాయక, ఆ వర్ణననుండి సాధనమే పుట్టించునట్లు చేయవలెను. రేపు యంత్రపు తీరు మాఱినచో ప్రోగ్రామును పుట్టించు సాధనమును మార్చిన చాలును, వర్ణన నిలిచియుండును. వ్యాపారము మాఱినచో వర్ణనలో ఆ భాగమును మార్చి తిరిగి పుట్టించుకొనవచ్చును. ఎట్టయాపురమున గమకమును కంఠమునుండి వేఱుచేసి గుర్తులలోనికి దింపిన పనికిని దీనికిని పోలిక నాకు కనబడుచున్నది. ఆ గుర్తులను చూచి నూఱేండ్ల తరువాతివాడును పాడుచున్నాడు.

పోలిక ఎంత వఱకు నిలుచునో కూడ చెప్పవలెను. గుర్తులలోనికి దిగని సంగతులు కొన్ని సంగీతమున నున్నట్లే, వర్ణనలోనికి దిగని సంగతులు వ్యాపారమునను కలవు. ఇట్టి సాధనము నిర్మించుట తానొక బృహత్ కార్యము. అది సిద్ధమగువఱకు అమ్మవలసిన సరకు వెనుకబడును. పోటీదారు చేతితోనే వ్రాసి ముందుగా అంగడికి వచ్చును. 2000 తరువాతి పెక్కు సంవత్సరములు రామ్‌కో సిస్టమ్స్ నష్టములు చూచినది. సమూహపు పెద్దలు పెట్టుబడి పెట్టుచు నిలుపుకొనివచ్చిరి. లాభమును మూడు నెలలకొకసారి లెక్కచూచు యజమాని యైనచో ఈ పని మధ్యలోనే మూతపడియుండునని నా నమ్మకము. సిమెంటు కర్మాగారము కట్టి ఫలమునకై యేండ్లతరబడి వేచియుండుట యెఱిగిన కుటుంబము గనుక ఓపిక పట్టెను. ఇది గుణమా, మొండితనమా అని వాటాదారులు వాదింపవచ్చును. ఆ వాదమున వాటాదారుల పక్షమునను న్యాయము లేకపోలేదు. వారి డబ్బుకూడ అంతకాలము వేచియుండెను గదా.

వ్యాపారపు నియమము మాఱుటకు పన్నుల కంటె స్పష్టమైన తార్కాణము లేదు. మద్రాసు సిమెంట్సువారికి 1980ల చివరినుండి కృష్ణా తీరమున జగ్గయ్యపేట ప్రాంతపు జయంతిపురమున కూడ కర్మాగారము కలదు. 2005 ఏప్రిలు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ పన్ను వచ్చినది. తమిళనాడులో అది 2007 జనవరి 1వ తేదీనగాని రాలేదు. అనగా 21 నెలలపాటు జయంతిపురపు బస్తాకు ఒక విధమైన పన్ను లెక్క, రామస్వామిరాజానగరపు బస్తాకు మఱియొక విధమైన లెక్క. వ్యాట్‌లో కొనుగోలుపై చెల్లించిన పన్నును అమ్మకపు పన్నులో తగ్గించుకొనవచ్చును గనుక కొనుగోలు విభాగపు పద్దు అమ్మకపు విభాగమునకు అవసరమాయెను. రెండు రాష్ట్రములలో సరకు చేయు ప్రతి సంస్థయొక్క సాఫ్ట్‌వేరును ఈ రెండు నియమములను ఒకేసారి మోయవలసివచ్చెను. 2017 జూలై 1వ తేదీన జి.యస్.టి. వచ్చి ఎక్సైజును వ్యాట్‌ను ఒక్కటిగా మింగెను. సిమెంటునకు 28 శాతమని నిర్ణయమైనది. 2025 సెప్టెంబరు 22 నుండి అది 18 శాతమునకు తగ్గినది. 2018 ఏప్రిలునుండి రాష్ట్రముల మధ్య పోవు లారీకి ఈ-వే బిల్లు కావలసివచ్చినది. ప్రభుత్వము తేదీ నిర్ణయించును. ప్రోగ్రాము సిద్ధము కాలేదని లారీ ఆగదు, చట్టమును ఆగదు. పన్ను రేటును ప్రోగ్రాము గర్భమున పాతిపెట్టినవాడు ఇట్టి రాత్రులలో నిదురపోలేడు. రేటును పట్టికలో విడిగ నుంచినవాడు కొంత నిదురపోవును. పన్ను పుట్టు తావే మాఱినప్పుడు మాత్రము ఇద్దఱును మేలుకొనవలసినదే.

తెలుగునాట ప్రభుత్వపక్షమున జరిగిన పనులతో దీనిని పోల్చి చూచుట మంచిది. రైలు టికెట్ల కేటాయింపు కంప్యూటరు పద్ధతి 1985-86లో ఢిల్లీలో మొదలైనది, సి.యం.సి. సంస్థ దానిని నిర్మించెను. తరువాతి రూపమైన కన్సర్ట్ 1990ల నడుమ సికింద్రాబాదున ప్రవేశించి, 1999 నాటికి దేశపు ఐదు కేంద్రములను కలిపినది. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను శాఖలో కార్డ్ అను పథకము 1998 నవంబరు 4వ తేదీన 214 కార్యాలయములలో ఒకేదినమున ప్రారంభమైనది. ఆ రెంటిలోను గమనింపదగిన సంగతి, పెద్ద ప్రారంభమునకు ముందు కొద్ది చోట్ల ప్రయోగము చేసి దిద్దుకొనుట. ఇంకొక సంగతియు కలదు. రిజిస్ట్రేషను పద్ధతి చట్టమునకు కట్టుబడినది, నూఱేండ్లుగ ఇంచుమించు ఒకేతీరు. అచట నిర్వాహకుని కష్టము మనుష్యులతో - దస్తావేజు లేఖరులు, సిబ్బంది, అలవాట్లు. వ్యాపార సాఫ్ట్‌వేరునందో పద్ధతియే నిలుకడలేనిది. రెంటిని ఒకే కొలబద్దతో కొలుచుట సరికాదు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున స్నోబర్డ్ అను కొండప్రదేశమున పదునేడుగురు ప్రోగ్రాము నిర్మాతలు కూడి ఒక చిన్న ప్రకటన చేసిరి. దాని సారమేమనగా - పని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కను వాడువానికి చూపి, వాడు చెప్పిన మార్పును ఆహ్వానింపవలెను. మార్పును శత్రువుగ చూడరాదు. దానికి అజైల్ పద్ధతియని పేరు వచ్చినది. ఇది మన పూర్వులు ఎఱిగినదే, విరుదునగరపు అంగడిలో దినదినమును ధర దిద్దుకొను వర్తకుడు చేసినదే అని సభలలో చెప్పుట నేడొక వేడుకైనది. ఆ మాట నాకు సమ్మతము కాదు. వర్తకుడు ధరను మార్చినచో నిన్న అమ్మిన బస్తా తిరిగిరాదు. సాఫ్ట్‌వేర్‌లో నేటి మార్పు నిన్న వ్రాసినదానిలోనికి పోయి అక్కడ చిల్లు పెట్టవచ్చును. అందువలననే ప్రతి మార్పు తరువాతను పాత పరీక్షలన్నియు తిరిగి జరుపవలసియుండును. ముక్కలు ముక్కలుగ చేయుటకు ఆ పరీక్షలే ప్రాణము. వందలమంది పని, పెక్కు కర్మాగారముల లెక్క కలిసినచోట ముక్కలొకదానితోనొకటి అతుకునట్లు ఎవరో ఒకరు మొత్తమును మనసునందుంచుకొనవలెను. బ్రూక్స్ పట్టుబట్టి చెప్పినది అదియే. చిన్న ముక్కలు, ఒక మనసు - ఈ రెంటి నడుమ పొత్తు కుదుర్చుట నిర్వాహకుని నేర్పు.

2010 తరువాత రామ్‌కో సిస్టమ్స్ దారి మఱల మాఱెను. ప్రతి కొనుగోలుదారుని యింట సాఫ్ట్‌వేర్ నెలకొల్పుటకు మాఱు, దూరపు యంత్రములనుండి అద్దెకిచ్చు క్లౌడ్ పద్ధతిని ముందుకు తెచ్చిరి. అన్ని పరిశ్రమలకు అన్నియు అమ్ముటయను ఆశను కొంత తగ్గించుకొని విమానముల మరమ్మతు, నిర్వహణ లెక్కలు, పలుదేశముల సిబ్బంది జీతముల లెక్కలు అను రంగములయందు పేరు తెచ్చుకొనిరి. జీతముల లెక్క యనునది పైకి సామాన్యము. దేశమునకొక చట్టము, ఏటేట మార్పు. నియమము వేఱు, యంత్రము వేఱు అని మొదటినుండి విడదీసినవారికి అది తగిన పొలమే. 2017 మే 11వ తేదీన రామసుబ్రహ్మణ్య రాజా గతించిన పిమ్మట వేంకట్రామ రాజా సమూహపు భారమును వహించెను. మద్రాసు సిమెంట్సు 2013లోనే రామ్‌కో సిమెంట్సుగ పేరు మార్చుకొనియున్నది. సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రధానస్థానము చెన్నైలోని తరమణి.

కోవిల్పట్టిలో 1984లోను, విరుదునగరమున 1998లోను ఇంజనీరింగు కళాశాలలు వెలసి, ఈ సీమ పిల్లలు నేడు చెన్నై, బెంగుళూరు, హైదరాబాదు, అమెరికాలలో ఇట్టి పనులు చేయుచున్నారు. వారిలో తెలుగు మాటలాడువారు చాలమంది, తెలుగు చదువగలవారు కొద్దిమంది. 1992లో ఇరువదియైదేండ్లవాడైన ప్రోగ్రాము రచయిత నేడు అరువదికి చేరువలో నుండును. పాళెగాండ్ర శాసనములను వెదకి అచ్చువేయు మన సంఘమువారు ఆ తొలి పనివారియొద్దకును పోయి, మొదట ఏ విభాగమును కంప్యూటరుకెక్కించిరి, కాటావాడు, గుమాస్తా దానిని చూచి యేమనిరి, క్లయింట్-సర్వర్‌నుండి బ్రౌజరునకు మాఱవలెనను నిర్ణయము ఏ సమావేశమున జరిగెను, దానిని కాదన్నవారెవరు అని అడిగి వ్రాసికొనవచ్చును. పాత మార్షల్ వాడుక పుస్తకములు ఏ యింటి అటకమీదనైనను దొరకినచో అవియు మన గ్రంథాలయమునకు చేరవలసినవే.